వయస్సు అడిగే వాకిళ్లు

పిల్లలూ! బస్సులో అర టిక్కెట్టు అడిగితే కండక్టరు ఏం చేస్తాడు? మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. 12 ఏళ్లు నిండలేదని తోస్తే టిక్కెట్టు చింపి ఇస్తాడు. నాలుగు స్టేజీలు దాటేసరికి మీ మొహం ఆయనకు గుర్తే ఉండదు. ఇంత సులువైన పని ఇంటర్నెట్‌లో ఎందుకు కష్టమయిందో చూద్దాం.

1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయుడు జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధనాలయంలో వెబ్‌ను రూపొందించాడు. 1993లో సెర్న్ దానిని ఉచితంగా లోకానికి ఇచ్చేసింది. తలుపు తట్టినవారి పేరు గాని, వయస్సు గాని వెబ్ అడిగేది కాదు. అందులో మేలున్నది, కీడూ ఉన్నది. మోసగాళ్లూ, ఏడిపించేవాళ్లూ ఆ తలుపులోనుంచే పిల్లల దగ్గరకు వచ్చారు.

అందుకని ఆస్ట్రేలియా 2024లో ఒక చట్టం చేసింది. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ 16 ఏళ్లు నిండనివారికి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, యూట్యూబ్ వంటి వాటిలో ఖాతా ఉండరాదు. తగిన జాగ్రత్త తీసుకోని సంస్థకు 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా పడుతుంది. పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని శిక్ష లేదు.

మరి వయస్సు తెలిసేదెట్లా? ఒక పద్ధతి, కెమెరాలో మొహం చూసి యంత్రం అంచనా కట్టడం. అది 16 ఏళ్లవాడిని 14 అనవచ్చు, 14 ఏళ్లవాడిని 17 అనవచ్చు. రెండో పద్ధతి, గుర్తింపు కార్డు చూపడం. పిల్లలను ఆపాలంటే పెద్దలు కూడా తాము పెద్దలమని రుజువు చేసుకోవాలి! పైగా కండక్టరు మరిచిపోతాడు గాని, కంప్యూటరు దానంతట అది మరవదు. వయస్సు తగాదాలు తీర్చడానికి తీసుకున్న కార్డుల ఫోటోలు, సుమారు 70,000 మందివి, దొంగల పాలై ఉండవచ్చునని డిస్కార్డ్ అనే సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది.

ఇంకొక చిక్కు ఉన్నది. ఒక్కొక్క ప్రభుత్వానిది ఒక్కొక్క నియమం. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం అందరి వయస్సూ తేల్చమన్నప్పుడు, బ్లూస్కై అనే చిన్న సంస్థ ఆ భారం మోయలేక 2025 ఆగస్టులో ఆ రాష్ట్రం మొత్తానికీ తలుపు మూసింది. ఈ విధంగా ఒకే వెబ్ ముక్కలు ముక్కలవుతున్నది.

దీనికి ఉపాయం లేకపోలేదు. నమ్మకమైన కార్యాలయం మీకు ఒక చీటీ ఇస్తుందనుకోండి. అందులో పేరు ఉండదు, పుట్టినరోజు ఉండదు. "వయస్సు సరిపోయింది" అని మాత్రమే ఉంటుంది. చీటీ చూసినవారికి మీరెవరో తెలియదు. ఇచ్చినవారికి మీరెక్కడికి వెళ్లారో తెలియదు. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ ఇటువంటిదాని నమూనా విడుదల చేసింది.

వాకిలికి కాపలా అవసరమే. కాని కాపలావాడు ఏమి అడుగుతున్నాడు, అడిగినదాన్ని ఎన్నాళ్లు దాచుకుంటాడు? వయస్సు అడిగే వాకిలి ఎదురైనప్పుడు ఈ రెండు ప్రశ్నలూ మీరు, మీ అమ్మానాన్నలు కలిసి వేయండి. జవాబు దొరికే దాకా కార్డు గాని, మొహం గాని చూపించకండి.