కూలిన తోటల నడుమ కీర్తన

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఇక్కడి వాళ్లు కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకంటారు. అది కూలితే పోయేది పంట ఒక్కటేనా?

అలాంటి దుఃఖంలో సంతబొమ్మాళి, టెక్కలి వైపు క్రైస్తవుల ఇళ్లలో పాట ఆసరా అవుతుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నింటినో రాసిన పురుషోత్తమ చౌదరి ఈ చుట్టుపక్కల వాడే. 1803లో పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందాడు. 1890లో కన్నుమూసినా ఆయన పాటలు ఆరాధనల్లో ఇంకా వినిపిస్తున్నాయి.

చావు జరిగిన ఇంట్లో సంఘస్థులు ఆదరణ కూడిక పెడతారు. పాట, ప్రార్థన, వాక్యం. ఆ తర్వాత పక్కన కూర్చోవడం. నిజానికి ఓదార్పులో ఎక్కువ పాలు ఆ కూర్చోవడానిదే.

ఏడిస్తే విశ్వాసం తక్కువైందని కొందరు మందలిస్తారు. అది తప్పు. బైబిల్లోని 150 కీర్తనల్లో మొర పెట్టుకునేవి, దేవుణ్ని నిలదీసేవి చాలానే ఉన్నాయి. స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు యేసే కన్నీరు పెట్టాడు.

ప్రార్థించినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే వైద్యుణ్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.