మహావీర చక్రం పొందిన నావికుడు

సముద్రానికి దూరంగా పెరిగిన మనకు నౌకాదళమనగానే విశాఖ రేవులో లంగరు వేసిన పెద్ద యుద్ధనౌకలే మనసులో మెదులుతాయి. కాని పెద్ద నౌకలు చొరలేని నదీపాయలలోకి, లోతు తక్కువ తీరాలకు వెళ్ళేవి చిన్న పడవలే. వాటికి దళసరి ఉక్కు కవచం ఉండదు. ఒడ్డు నుండి పేల్చే తుపాకీకి సైతం అవి సులభంగా చిక్కుతాయి. అటువంటి పడవలో పనిచేసిన లీడింగ్ సీమన్ చిమన్ సింగ్‌కు భారత ప్రభుత్వం మహావీర చక్రం ప్రదానం చేసింది.

1971 డిసెంబరులో భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం జరిగింది. బంగాళాఖాతంలో నౌకాదళ చర్యలను విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండ్ నడిపింది. అంతకుముందే కలకత్తా ఓడరేవుకు చెందిన రెండు పడవలకు ఫిరంగులు అమర్చి, ‘పద్మ’, ‘పలాశ్’ అని పేర్లు పెట్టి బంగ్లాదేశ్ ముక్తివాహిని వినియోగానికి సిద్ధపరచారు. భారత నావికులు, బెంగాలీ యోధులు వాటిలో కలిసి పనిచేశారు. కమాండర్ ఎం.ఎన్. సామంత్ నాయకత్వంలో ఆ పడవలు, ‘పాన్వెల్’ అనే మరో పడవతో కలిసి మోంగ్లా, ఖుల్నా రేవుల మీదికి సాగాయి.

డిసెంబరు 10న ఖుల్నా సమీపంలో ఆకాశం నుండి బాంబులు పడ్డాయి. ఆ విమానాలు మనవే. గుర్తుపట్టడానికి పడవలపై పసుపు గుర్తులు ఉంచినా పొరపాటు జరిగిపోయింది. ‘పద్మ’, ‘పలాశ్’ రెండూ మునిగిపోయాయి. ఇటువంటి సంఘటనలను యుద్ధగాథలు తరచుగా దాటవేస్తాయి. దీనిని దాటవేస్తే మాత్రం చిమన్ సింగ్ సాహసం ఎటువంటి స్థితిలో పుట్టిందో బోధపడదు.

నీటిలో పడినవారిపై ఒడ్డునున్న శత్రువులు కాల్పులు జరిపారు. ‘పద్మ’లో ఉన్న చిమన్ సింగ్ అప్పటికే లోహపు తునకలు తగిలి గాయపడ్డారు. ఇద్దరు సహచరులు ఈదలేక అవస్థ పడటం చూసి, గుండ్ల వర్షంలోనే వారిని ఒడ్డుకు చేర్చారు. అంతటితో ఆగక, గాయాలను లెక్కచేయకుండా శత్రువు మీదికి దూసుకుపోయారు. శత్రువుల దృష్టి ఆయనపైకి మళ్ళగా ఆ ఇద్దరూ తప్పించుకున్నారు. ఆయన మాత్రం బందీగా చిక్కారు. బంగ్లాదేశ్ విముక్తి పొందిన తరువాతే ఆయనకు విడుదల, చికిత్స లభించాయి.

మహావీర చక్రాన్ని 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుండి వర్తింపజేశారు. యుద్ధకాల శౌర్య పురస్కారాలలో పరమవీర చక్రం తరువాతి స్థానం దీనిదే. గుండ్రని వెండి పతకంపై ఐదు కోణాల నక్షత్రం, దాని నడుమ రాజముద్ర ఉంటాయి. పట్టీ సగం తెలుపు, సగం నారింజ రంగు. నౌకాదళంలో దీనిని అందుకున్నవారిలో ఎక్కువమంది అధికారులు కాగా, చిమన్ సింగ్ సామాన్య నావికుడు.

‘పలాశ్’ ఇంజను గదిలో పనిచేసిన మహమ్మద్ రుహుల్ అమీన్ కూడా అధికారి కాదు. పడవను విడిచిపోవడానికి నిరాకరించిన ఆయన ఆనాడే ప్రాణాలు కోల్పోయారు. బంగ్లాదేశ్ తన అత్యున్నత శౌర్య పురస్కారం ‘బీర్ శ్రేష్ఠ’ను ఏడుగురికి మాత్రమే ఇచ్చింది, వారిలో ఆయన ఒకరు. ఆయన సమాధి ఖుల్నా వద్ద రూప్సా నది ఒడ్డున ఉంది.