అడిగిన వాకిటికే అందే ప్రసారం

శాసనాలలో లెందులూరుగా కనిపించే గ్రామం నేటి దెందులూరే అని చరిత్రకారులు గుర్తించారు. విష్ణుకుండిన ప్రభువు విక్రమేంద్రవర్మ చిక్కుళ్ళ తామ్రశాసనాన్ని వెలువరించింది ఈ లెందులూరు నుండే. రాగిరేకులపై చెక్కిన దానపత్రం దానం పొందినవారి వద్దకు మాత్రమే చేరుతుంది. రాజాజ్ఞ ఊరందరికీ తెలియవలసి వచ్చినప్పుడు దండోరా వేయించేవారు. అది వినదలచినవారికీ, వినదలచనివారికీ కూడా వినిపిస్తుంది. ఈ రెంటికీ నడుమ మన పల్లెలకు చిరపరిచితమైన మూడవ పద్ధతి మరొకటి ఉంది. అది పురాణ ప్రవచనం. పౌరాణికుడు ఒక్కసారే చదువుతాడు. వినగోరి వచ్చి కూర్చున్నవారు పదిమంది అయినా, వందమంది అయినా ఆయన గొంతుకు అదనపు శ్రమ లేదు. రానివారి నిద్రకు భంగం లేదు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సంభాషించే విధానాలలో కూడా ఈ మూడు ఉన్నాయి. ఒకరికి మాత్రమే పంపడం యూనికాస్ట్. అందరికీ పంపడం బ్రాడ్‌కాస్ట్. కోరినవారి బృందానికి మాత్రమే పంపడం మల్టీకాస్ట్. వీటిని ఏకప్రసారం, సర్వప్రసారం, బృందప్రసారం అని తెలుగు చేసుకొనవచ్చు. వీటిలో బృందప్రసారమే ఈ వ్యాసానికి విషయం. ఆ ప్రసారం ఇంటి గడప దాటిన తరువాత స్విచ్ అనే చిన్న పెట్టె దానిని నిలబెడుతుందా, చెడగొడుతుందా అన్నది మనం తేల్చుకోవలసిన సంగతి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్న సామాన్య కుటుంబాల ముంగిటికి వచ్చిన సందర్భాన్ని ముందుగా గుర్తుచేసుకోవాలి. 2016 డిసెంబరులో, నేడు కోనసీమ జిల్లాలో ఉన్న మోరి గ్రామంలో, రాష్ట్ర ఫైబర్ పథకం ఇండ్లకు చేరింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే అంతర్జాలం, టెలివిజన్, టెలిఫోన్ మూడూ ఒకే తీగపై ఇస్తామని నాడు ప్రకటించారు. భూమిని తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగానే ఫైబర్ తీగను లాగడం ఈ పథకంలోని విశేషం. కేబుల్ టి.వి. తీగలు వేరుగా, టెలిఫోన్ తీగలు వేరుగా ఉన్న కాలం పోయి, టి.వి. బొమ్మ కూడా కంప్యూటర్ సమాచారం వలెనే చిన్న చిన్న ప్యాకెట్లుగా ప్రయాణించడం ఆరంభమయింది. ఈ పద్ధతికి ఐ.పి.టి.వి. అని పేరు.

ఐ.పి.టి.వి.లో ప్రత్యక్ష ప్రసారాలకు సాధారణంగా బృందప్రసారాన్నే వాడతారు. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. స్పష్టత ఎక్కువగా ఉన్న ఒక ఛానల్‌కు సెకనుకు సుమారు 8 మెగాబిట్లు కావాలనుకొందాం. క్రికెట్ పోటీ జరుగుతున్న సాయంత్రం ఒక మండలంలో 1000 ఇండ్లవారు ఆ ఛానల్‌నే చూస్తున్నారు. ఇంటింటికీ వేరువేరుగా పంపితే బయలుదేరే చోట 8000 మెగాబిట్ల ప్రవాహం కావాలి. బృందప్రసారంలో బయలుదేరేది 8 మెగాబిట్లే. దారి చీలిన ప్రతి చోటా అక్కడి యంత్రం దానికి నకళ్ళు తీసి, అడిగినవారు ఉన్న వైపుకు మాత్రమే పంపుతుంది. యూట్యూబ్‌లో చూసే పాఠం ఇటువంటిది కాదు. అది ప్రతి విద్యార్థికీ వేరుగా వచ్చే ఏకప్రసారం. ఇంట్లో చూసే వీడియో అంతా యూట్యూబ్ వంటిదే అయితే, ఈ వ్యాసంలో చెప్పబోయే జాగ్రత్తలతో ఆ ఇంటికి పని లేదు.

ఇక ఇంటిలోనికి వద్దాం. ఫైబర్ తీగ ఇంటిలో ఒక పెట్టెలో ముగుస్తుంది. దానికి తీగలు తగిలించుకొనే రంధ్రాలు కొద్దిగానే ఉంటాయి. వీటిని పోర్టులు అంటారు. క్రింది గదిలో ఒక టి.వి., మేడ మీద మరొకటి, చదువుకొనే పిల్లల కంప్యూటర్ ఒకటి, మేడపై వైఫై పెట్టె ఒకటి ఉన్నచోట ఆ పోర్టులు చాలవు. అప్పుడు అయిదు పోర్టులదో, ఎనిమిది పోర్టులదో ఒక స్విచ్ కొంటారు.

స్విచ్ చేసే పనిని తెలుసుకోవడానికి ఏలూరు ప్రాంతపు విద్యార్థులకు కాలువ లస్కరు కంటె మంచి ఉపమానం అక్కరలేదు. కృష్ణా, గోదావరి జలాలు కాలువల ద్వారా కలిసే పట్టణం ఏలూరు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ పంట బోదెకు నీరు వదలాలో తెలిసిన లస్కరు ఉన్నంతవరకు అడిగిన చేనుకే నీరు వెళుతుంది. తెలియనివాడు అన్ని తూములూ ఎత్తివేస్తాడు. అప్పుడు నాటు వేసే చేనుకూ నీరే, కోతకు వచ్చిన చేనుకూ నీరే. అయితే ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. నీటిని పంచితే ఒకరి వాటా తరుగుతుంది. స్విచ్ పంచేది నకళ్ళను కాబట్టి ఎవరి వాటా తరగదు. అక్కరలేనివారి దారి మాత్రం నిండిపోతుంది.

సామాన్యమైన స్విచ్ ఈ తెలియని లస్కరు వంటిది. ఏకప్రసారపు ప్యాకెట్టుపై ఒక యంత్రం చిరునామా ఉంటుంది. ఆ యంత్రం ఏ పోర్టు వద్ద ఉన్నదో స్విచ్ త్వరలోనే నేర్చుకొంటుంది. బృందప్రసారపు ప్యాకెట్టుపై ఉండేది బృందం చిరునామా. ఈ చిరునామాలకు 224 నుండి 239 వరకు గల అంకెలతో మొదలయ్యే శ్రేణిని ప్రత్యేకించారు. ఆ చిరునామాతో ఏ యంత్రమూ తానుగా ప్యాకెట్టు పంపదు కాబట్టి, అది ఏ పోర్టు వైపు ఉన్నదో నేర్చుకొనే అవకాశం స్విచ్‌కు లేదు. అందువలన అది వచ్చిన ప్యాకెట్టును అన్ని పోర్టులకూ వదిలివేస్తుంది.

దీనికి విరుగుడు ఉంది. టి.వి. పెట్టె ఒక ఛానల్ కోరినప్పుడు, తాను ఆ బృందంలో చేరుతున్నానని ఒక చిన్న సందేశం పంపుతుంది. ఆ సందేశాల నియమావళికి ఐ.జి.ఎం.పి. అని పేరు. దాని మొదటి రూపాన్ని 1989లో స్టీవ్ డీరింగ్ ప్రకటించాడు. 1997లో రెండవ రూపం, 2002లో మూడవ రూపం వచ్చాయి. ఈ సందేశాలు నిజానికి స్విచ్‌ను ఉద్దేశించినవి కావు. ఆవల ఉన్న రౌటర్‌ను ఉద్దేశించినవి. తెలివైన స్విచ్ వాటిని దారిలో పొంచి వింటుంది. ఏ పోర్టు నుండి ఏ బృందానికి కోరిక వెళ్ళిందో తన పట్టికలో వ్రాసుకొని, ఆ పోర్టుకే ఆ ప్రవాహాన్ని వదులుతుంది. దీనిని ఐ.జి.ఎం.పి. స్నూపింగ్ అంటారు. పొంచి వినడం సాధారణంగా మెచ్చదగిన గుణం కాదు గాని, ఇక్కడ ఇంటిల్లిపాదికీ మేలు చేస్తుంది.

స్నూపింగ్ లేకపోతే ఇంటికి కలిగే నష్టం ఎంత? తీగల వరకు చూస్తే నష్టం కొద్దిదే. సెకనుకు 1000 మెగాబిట్లు మోయగల తీగకు 8 మెగాబిట్లు లెక్కలోనివి కావు. 100 మెగాబిట్ల పాత తీగ అయినా ఓర్చుకొంటుంది. అసలు దెబ్బ వైఫైకి తగులుతుంది. వైఫై పెట్టె ఒక ఫోన్‌కు పంపే ప్యాకెట్టును వేగంగా పంపి, అందిందని బదులు తీసుకొంటుంది. బృందప్రసారపు ప్యాకెట్టును మాత్రం దూరాన ఉన్న బలహీనమైన పరికరానికి కూడా అందాలన్న ఉద్దేశంతో అతి తక్కువ వేగంతో పంపడం పరిపాటి. ఆ వేగం సెకనుకు 1 మెగాబిట్టో, 6 మెగాబిట్లో ఉన్నప్పుడు 8 మెగాబిట్ల టి.వి. ప్రవాహం అందులో పట్టదు. గాలిలో ఉన్న సమయమంతా దానికే సరిపోతుంది. క్రింది గదిలో అమ్మమ్మ ధారావాహిక చూస్తూ ఉండగా, మేడ మీద ఫోన్‌లో రసాయనశాస్త్ర పాఠం వింటున్న మనుమరాలికి ఉపాధ్యాయుని బొమ్మ నిలిచిపోతుంది. ఆమె నెట్టు బాగాలేదంటుంది. అమ్మమ్మకు బొమ్మ చక్కగానే వస్తున్నది. నెలసరి పథకాన్ని పెద్దది చేసుకొన్నా ఈ ఇబ్బంది తీరదు, ఎందుకంటే అడ్డంకి ఇంటి లోపలే ఉంది.

కొనే ముందు పరీక్షించుకోవడం సులభం. స్విచ్‌పై ప్రతి పోర్టుకూ ఒక చిన్న దీపం ఉంటుంది. ఖాళీగా ఉన్న కంప్యూటర్ తగిలించిన పోర్టు దీపాన్ని గమనించాలి. టి.వి. పెట్టగానే ఆ దీపం కూడా ఎడతెగక మినుకుమని, టి.వి. ఆపగానే నెమ్మదిస్తే, ప్రవాహం అన్ని వైపులకూ పొర్లుతున్నదని అర్థం. ఒకే టి.వి. ఉండి, అది ఫైబర్ పెట్టెకు నేరుగా తగిలించి ఉన్న ఇంటికి స్విచ్ కొనవలసిన పనే లేదు. దుకాణదారుడు ఏమి చెప్పినా ఆ డబ్బు దాచుకోవడమే మంచిది.

కొనక తప్పనప్పుడు పెట్టెపై మొదట వెతకవలసిన మాట ఐ.జి.ఎం.పి. స్నూపింగ్. అమరికలు మార్చుకొనే వీలున్న స్విచ్‌లలో ఇది సాధారణంగా ఉంటుంది. అటువంటి వీలు లేని చౌక స్విచ్‌లలో కూడా కొన్నింటిలో ఉన్నది కాబట్టి, ధరను బట్టి గాక వివరాల పత్రాన్ని చదివి నిర్ణయించుకోవాలి. మూడవ రూపాన్ని కూడా గుర్తించగలదని వ్రాసి ఉంటే మరీ మంచిది. కొన్ని స్విచ్‌లలో ఈ సౌకర్యం ఉన్నా, మనం ఆన్ చేసేవరకు నిద్రలోనే ఉంటుంది. అది మరచినవారు కొత్త స్విచ్ కూడా పాతదాని వంటిదేనని నిరాశపడతారు.

ఇంతకంటె చిక్కైనది మరొకటి ఉంది. స్విచ్ తన పట్టికలో వ్రాసుకొన్న కోరికను కలకాలం ఉంచుకోదు. చూసేవారు చెప్పకుండా టి.వి. ఆపివేసి ఉండవచ్చు గదా! కాబట్టి బృందంలో ఇంకా ఎవరున్నారని ఒకరు మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉండాలి. అట్లా అడిగే యంత్రాన్ని క్వెరియర్ అంటారు. సాధారణ నియమం ప్రకారం అది 125 సెకన్లకు ఒకసారి అడుగుతుంది. జవాబుకు 10 సెకన్ల గడువు ఇస్తుంది. రెండు ప్రశ్నల కాలం, ఒక జవాబు గడువు కలిపితే 260 సెకన్లు. అంతవరకు జవాబు వినిపించకపోతే ఆ పేరు పట్టిక నుండి తొలగుతుంది. ఇంట్లో అడిగేవారే లేకుంటే టి.వి. పెట్టె కూడా జవాబు చెప్పదు. ఫలితంగా బొమ్మ నాలుగు నిమిషాలకు పైగా చక్కగా వచ్చి హఠాత్తుగా ఆగిపోతుంది. వేరే ఛానల్‌కు వెళ్ళి తిరిగి వస్తే మళ్ళీ వస్తుంది, మళ్ళీ అంతే సేపటికి పోతుంది. తీగ లోపమనుకొని తీగనూ, టి.వి. లోపమనుకొని టి.వి.నీ మార్చేవారు ఉన్నారు. గడియారం చూసి ఉంటే ఆ ఖర్చు తప్పేది. ఐ.పి.టి.వి. వచ్చే ఇంటిలో అడిగే పనిని సాధారణంగా సేవాసంస్థ యంత్రాలే చేస్తాయి.

కొల్లేరు పరిసరాల చేపల రైతు విషయం వేరు. చెరువు గట్టున కెమెరాలు పెట్టి, వాటి దృశ్యాలను ఇంటిలో రెండు తెరలపైనా, కాపలా గదిలోనూ ఒకేసారి చూడగోరితే, కెమెరాలను బృందప్రసారానికి అమర్చుకొనవచ్చు. ప్రవాహం అంతా అతని సొంత తీగలపైనే నడుస్తుంది. అడిగేవారు బయటి నుండి రారు. కాబట్టి అతడు కొనే స్విచ్‌లోనే క్వెరియర్ ఉండి తీరాలి. స్నూపింగ్ ఉన్న స్విచ్‌లన్నింటిలోనూ ఇది ఉండదు.

ఛానల్ మార్చినప్పుడు పాత ప్రవాహాన్ని వెంటనే ఆపే ‘ఫాస్ట్ లీవ్’ అనే అమరికను కూడా స్విచ్‌లలో చూస్తాం. ఒక పోర్టుకు ఒకే టి.వి. ఉన్నప్పుడు అది ఉపయోగకరం. ఒక పోర్టు నుండి తీగ మేడపైకి వెళ్ళి, అక్కడ మరొక స్విచ్ ద్వారా రెండు టి.వి.లకు చేరితే మాత్రం దానిని ఆ పోర్టుకు పెట్టరాదు. రెండింటిలోనూ ఒకే ఛానల్ వస్తుండగా ఒకరు మార్చుకొంటే రెండవవారికి కూడా బొమ్మ పోతుంది.

పోర్టుల సంఖ్య విషయంలో నేటి అవసరానికి రెండు ఎక్కువ ఉంటే చాలు. ఫైబర్ పెట్టెలో టి.వి. కోసం ఒక పోర్టును ప్రత్యేకించి ఉంటే, స్విచ్‌ను ఏ పోర్టుకు తగిలించాలో కేబుల్ ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఫైబర్ గాజు కాబట్టి పిడుగుపాటు విద్యుత్తును మోయదు. ఇంటి నుండి చెరువు గట్టుకు లాగిన రాగి తీగ మోస్తుంది. అంత దూరానికి ఫైబర్‌నే వాడి, రెండు చివరలా దానికి తగిన పరికరాలు పెట్టుకొంటే ఉరుములతో వచ్చే ఏప్రిల్, మే నెలల గాలివానలలో ఆ దారి వెంట ఇంటిలోని స్విచ్, టి.వి.లకు పిడుగుపాటు విద్యుత్తు చేరదు.