ఎవరి మాట ముందు వినవలెను?

అంటరానితనమును గూర్చి సభ జరిగినపుడు వేదికపై కూర్చుండు వారెవరో, వెనుక వరుసలో నిలుచుండు వారెవరో మీరెన్నడైన గమనించితిరా? నేను చాలకాలము గమనింపలేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున బావి తగవు పుట్టగా, నన్ను మాటాడుమని పిలిచిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసినదనియు, బావి అందరికిని తెరువవలెననియు గంటసేపు ఉపన్యసించితిని. చప్పట్లు బాగుగనే మ్రోగినవి. సభ ముగిసిన పిమ్మట మాలపల్లెకు చెందిన ముదుసలి యొకామె దగ్గరకు వచ్చి, "బాబయ్యా, నూతికి తలుపులుండవు గదా తెరవటానికి! తోడే చేద మా చేతికివ్వరు. ఎవరో దయతలిచి పోసేదాకా బిందె పక్కన పెట్టుకుని ఎండలో నిలబడాలి" అనెను. నా యుపన్యాసమున చేద ప్రసక్తియే లేదు.

పేర్ల విషయమునను ఇట్లే జరిగినది. 1917లో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ కూడెను. అధ్యక్షులు హైదరాబాదు వాస్తవ్యులైన భాగ్యరెడ్డివర్మగారు. 'పంచమ' శబ్దము శాస్త్రపురాణములలో లేదనియు, తాము ఈ నేలకు మొదటివారగుటచే 'ఆది ఆంధ్రులు' అనవలెననియు వారు వాదించిరి. సభ పేరే మారిపోయెను. అంతవరకు ఆ మాట వాడిన సంస్కర్తలు దుష్టులు కారు. మంచి మనసుతోనే వాడిరి. కాని ఆ పేరు మోయువారికి అది యెట్లు తోచునో అడుగవలెనను ఊహ వారిలో ఎందరికి కలిగినదో! 1922లో మద్రాసు ప్రభుత్వము ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ నామములను అంగీకరించినది.

బాధపడినవారు చెప్పినదెల్ల వేదమేనా యని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఏమి జరిగినది, ఎచ్చట నొచ్చినది అనుదానికి వారే మొదటి సాక్షులు. చికిత్స యేమనుదానిపై వారిలో వారికే భేదముండవచ్చును. 1932లో అంబేడ్కరుగారు ప్రత్యేక నియోజకవర్గములు కోరగా, అస్పృశ్యులలోనే పుట్టిన ఎం. సి. రాజాగారు ఉమ్మడి నియోజకవర్గములే మేలనిరి. కావున ఒక్కరిని పిలిచి కూర్చుండబెట్టి, అందరి మాటయు వింటిమనుట చెల్లదు. పల్లె నుండి పురుషులనే పిలిచినచో నీటి బాధ సగమే తెలియును. బిందె మోయునది వారు కారు గదా.

తరువాతి సభకు ఆ ముదుసలిని మాటాడుమని కోరితిమి. ఆమె రాలేదు. సభ సాయంకాలము నాలుగు గంటలకు. ఆ వేళ ఆమె బావియొద్ద నీటికై కాచుకొనియుండెను. వేళ నిర్ణయించినది మేమే.