చక్రాల యింటికి సూర్యుని పద్దు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, కొలరాడో నదికి తూర్పుగా, క్వార్ట్‌జైట్ అను చిన్న ఊరు కలదు. చుట్టును ఎడారి. వేసవిలో అచట నిలుచుట కష్టము. చలికాలము వచ్చినంతనే ఉత్తరపు మంచుసీమలనుండి వేలకొలది వాహనములు ఆ ఊరికి చేరును. వీనిని రిక్రియేషనల్ వెహికిల్స్ అనియు, పొట్టిగా ఆర్‌వీలనియు పిలుతురు. మంచము, వంటగది, స్నానపుగది, ఫ్రిజ్ అన్నియు అమర్చిన చక్రాల యిండ్లివి. ఊరికి దక్షిణమున లా పోసా అను ప్రభుత్వభూమిలో, సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వఱకు రుసుము చెల్లించి విడియవచ్చును. అయితే ఆ విడిదికి విద్యుత్తు తీగ రాదు.

అట్లు విడిసిన వృద్ధ దంపతులను ఊహింపుడు. భర్తకు నిద్రలో ఊపిరి ఆగిపోవు రుగ్మత కలదు. అందుచే రాత్రియంతయు ముక్కులోనికి గాలిని నెట్టు సీపాప్ యంత్రమును తగిలించుకొని నిద్రింపవలయును. తెల్లవారుజామున మూడుగంటలకు బ్యాటరీ వట్టిపోయినచో ఆ యంత్రము ఆగును. సౌరవిద్యుత్తు ప్రణాళిక ఈ మూడుగంటల వేళనుండి ఆరంభము కావలయును. పెక్కుమంది మొదట అడుగు ప్రశ్న, "కప్పుమీద ఎన్ని ఫలకములు పట్టును?" అనునది. నిజమునకు అది మూడవ ప్రశ్న. దినమునకు ఎంత శక్తి కావలయును అనునది మొదటిది. దానిని దేనిలో దాచుకొందుము అనునది రెండవది. ఎండ దానిని నింపగలదా అనునది మూడవది.

దాచుకొన్న శక్తికిని, దినదినము వచ్చు శక్తికిని గల భేదమును రేడియో చరిత్రయే ఒకమారు చక్కగా చూపినది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాన్ సౌరఘటమును లోకమునకు చూపిరి. తనపై పడిన వెలుగులో నూటికి ఆరు పాళ్లను అది విద్యుత్తుగా మార్చెను. నాలుగేండ్లకు, 1958 మార్చి 17న, వాన్‌గార్డ్-1 అను చిన్న ఉపగ్రహము రెండు ప్రసారయంత్రములతో ఆకాశమున కెగసెను. బ్యాటరీతో నడచిన యంత్రము ఆ యేడే మూగవోయెను. సౌరఘటములతో నడచినది 1964 వఱకు పలికెను. అయితే చీకటిలో సౌరఘటము పనిచేయదు. చక్రాల యింటికి ఘటములును కావలయును, రాత్రికి బ్యాటరీయును కావలయును.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. వాట్ అనునది కుళాయిధార వంటిది. వాట్-గంట బిందెలో చేరిన నీటి వంటిది. ఒక పరికరము ఎన్ని వాట్లు వాడునో, ఎన్ని గంటలు నడచునో గుణించినచో దాని దినభత్యము తేలును. మన దంపతుల పద్దును డిసెంబరు మాసమునకు ఇట్లు వ్రాయవచ్చును. ఫ్రిజ్ 50 వాట్లు. ఆగుచు సాగుచు మొత్తము 12 గంటలు నడచును గావున 600 వాట్-గంటలు. దీపములు 100. నీటి పంపు 30. సీపాప్ యంత్రము 40 వాట్ల చొప్పున 8 గంటలకు 320. ఫోనులకును, కంప్యూటరునకును 150. గ్యాసు హెచ్చరిక పరికరము మొదలగు చిల్లర ఖర్చు 40. ఇంకొక్కటి మిగిలినది, దీనినే పలువురు మఱచెదరు. గది వెచ్చదనమునకు మండునది గ్యాసే యైనను, ఆ వేడిని గదిలోనికి తోయు పంకా బ్యాటరీమీదనే నడచును. 90 వాట్ల పంకా చలిరాత్రి 4 గంటలు తిరిగినచో 360 అగును. అన్నియు కూడిన మొత్తము 1,600 వాట్-గంటలు.

ఈ పద్దులో కనబడని దొంగ యొకడు కలడు. బ్యాటరీ విద్యుత్తును ఇంటి విద్యుత్తుగా మార్చు ఇన్వర్టరు, ఏ పనియు చేయక ఊరక నిలిచియున్నను 15 వాట్ల వఱకు తినవచ్చును. దినమంతయు ఆర్పక విడిచినచో 360 వాట్-గంటలు పోవును. అనగా సీపాప్ యంత్రము రాత్రియంతయు వాడినదానికంటె ఎక్కువ. కావున ఆ యంత్రమును తగిన అడాప్టరుతో నేరుగా 12 వోల్టులపై నడపుట మేలు. గాలిని వెచ్చజేసి తేమపట్టు భాగమును వాడినచో ఖర్చు మిక్కిలి పెరుగును. దానిని ఆపవచ్చునా అని వైద్యునే అడుగవలయును.

రెండవ ప్రశ్న బ్యాటరీ. ఇచట నా అనుభవ మొక్కటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున వృద్ధ గాయకుని పాటలను ధ్వనిముద్రణము చేయుటకు పోతిని. బ్యాటరీపై వ్రాసిన అంకెను చూచి పూటంతకును చాలునని లెక్కవేసికొంటిని. ఆయన గొంతు సవరించుకొని అసలు పాట అందుకొను వేళకు యంత్రము ఆగిపోయెను. తప్పు నాదే. పేరునకు వ్రాసిన అంకె వేఱు, చేతికి వచ్చు శక్తి వేఱు. సీసము-ఆమ్లపు బ్యాటరీని సగమునకు మించి వాడుచుండినచో దాని ఆయువు త్వరగా తీరును. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో నూటికి 80 పాళ్లు నిశ్చింతగా వాడవచ్చును.

రెండు దినములు మబ్బుపట్టినను గడపవలెనన్నచో మన దంపతులకు 3,200 వాట్-గంటల నిలువ కావలయును. సీసపు బ్యాటరీలలో దీనికి 12 వోల్టుల వద్ద ఇంచుమించు 530 ఆంపియర్-గంటలు పట్టును. వాని బరువు 150 కిలోగ్రాములు దాటును. లిథియములో 310 ఆంపియర్-గంటలు చాలును. బరువు 40 కిలోగ్రాముల ప్రాంతముననే యుండును. మోయదగిన బరువునకు హద్దుగల వాహనములో ఈ భేదము చిన్నది కాదు. అయితే నీరు గడ్డకట్టు చలిలో, అనగా సున్న డిగ్రీలకు దిగువన, లిథియం బ్యాటరీకి చార్జి ఎక్కింపరాదు. దానిని వెలుపలి పెట్టెలో గాక గది వెచ్చదనము సోకు చోట ఉంచవలయును.

ఇప్పుడు మూడవ ప్రశ్న: ఎండ. ఫలకములో పుట్టిన శక్తి తీగలలోను, బ్యాటరీలోను కొంత నశించును. అయిదు పాళ్లు పుట్టినచో నాలుగు పాళ్లు దక్కునని తలచినచో, 1,600 దక్కుటకు 2,000 పుట్టవలయును. దినములోని ఎండనంతయు నడిమధ్యాహ్నపు నిండు ఎండగా లెక్కకట్టినచో, ఆ ఎడారిలో సమతలముగా పఱచిన ఫలకమునకు జూన్‌లో దాదాపు 8 గంటలు లభించును. డిసెంబరులో 3 గంటలే లభించును. డిసెంబరు మూడవ వారమున హైదరాబాదులో మధ్యాహ్నసూర్యుడు దిగంతమునుండి 49 డిగ్రీల ఎత్తున నిలుచును. క్వార్ట్‌జైట్‌లో 33 డిగ్రీలకు మించడు. పగలు చిన్నది, కిరణములు ఏటవాలు. కావున 2,000ను 8తో భాగించి 250 వాట్ల ఫలకములు కొన్నవాడు శీతాకాలమున చీకటిలో కూర్చుండును. 3తో భాగించినవానికి దాదాపు 670 వచ్చును. అతడు 700 వాట్లు కొనును. మనము లెక్కవేయవలసినది అతి దుర్బలమైన మాసమునకే.

ఫలకములను దక్షిణమునకు వాల్చి నిలిపినచో శీతాకాలపు రాబడి ఒకటిన్నర రెట్ల వఱకు పెరుగును. కాని దానికై నిచ్చెనయెక్కి కప్పుమీదికి పోవలయును. గాలి లేచినప్పుడు మరల దింపవలయును. ఏడుపదులు దాటినవారు ఆ పనిపై ఆధారపడరాదు. అది లభించినచో లాభము, లెక్కలో మాత్రము చేర్పరాదు. నీడను గూర్చియు జాగ్రత్త అవసరము. ఫలకములోని ఘటములు గొలుసువలె కూర్చబడినవి. కప్పుమీది ఏసీ పెట్టె నీడ ఒక మూలను సోకినను ఆ గొలుసులోని ప్రవాహము కుంటుపడును. రాబడి నీడ పరిమాణమునకు మించి తగ్గును. ఫలకములకును బ్యాటరీకిని నడుమ చార్జి కంట్రోలరు ఉండవలయును. 700 వాట్లను 12 వోల్టులతో భాగించినచో 58 ఆంపియర్లు వచ్చును గావున 60 ఆంపియర్లది తగును.

పద్దు ఎంత సరిగానున్నను, తీగ సన్ననిదైనచో ప్రమాదము. వోల్టేజి తక్కువగుకొలది అదే పనికి ఎక్కువ ప్రవాహము కావలయును. 1,200 వాట్ల కాఫీయంత్రమునకు 12 వోల్టుల బ్యాటరీనుండి 100 ఆంపియర్లు పాఱును. ప్రవాహము రెట్టింపైనచో తీగలో పుట్టు వేడి నాలుగింతలగును. కావున తీగ లావుగా, పొట్టిగా ఉండవలయును. బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజు ఉండవలయును. ఫ్యూజు కాపాడునది తీగను. తీగ కాలకున్ననే యిల్లు నిలుచును. ఆ యింటికి తలుపు ఒక్కటే యని మఱవరాదు.

ఈ అమరికతో కప్పుమీది ఏసీని గంటలకొలది నడుపవచ్చునా యని అడుగుదురు. నడుపజాలము. అది 1,500 వాట్లు తాగినచో ఒక్క గంటలోనే ఇంచుమించు దినభత్యమంతయు పోవును. అందుకే ఆ దంపతులు ఎండాకాలమున ఎడారిని విడిచి చల్లని కొండలకు పోవుదురు. మూడవనాడును మబ్బు వీడనిచో పగటివేళ జనరేటరు నడపవచ్చును. రాత్రి దాని చప్పుడునకు విడిదినిబంధనలు ఒప్పవు. లేదా ఇంజను నడిపి, తగిన పరికరముద్వారా దాని ఆల్టర్నేటరునుండి కొంత నింపుకొనవచ్చును.

ఫలకములు కొనుటకు ముందు వారముదినములు ఒక కాగితముపై ఈ పద్దు వ్రాసి చూచుకొనుడు. ఏ పరికరము లేకున్న గడచునో, ఏది లేకున్న గడవదో వేఱుగా గుర్తించుడు. గడవని వానికి మొదటి వాటా ఈయుడు. బ్యాటరీ తగ్గినప్పుడు ముందు ఆర్పవలసినది ఏదో ఇంటివారందఱికి తెలిసియుండవలయును. డిసెంబరులోని దీర్ఘరాత్రి, మబ్బుపట్టిన రెండవ దినమున, తెల్లవారుజామున మూడుగంటలకు ఆ యంత్రము ఆగక గాలి ఊదుచున్నచో లెక్క సరిపోయినదని అర్థము.