కారు అద్దాలకు ఫిల్మ్: మన చేత్తోనా, షాపులోనా?

ఏప్రిల్ వచ్చిందంటే కారు యాక్సెసరీస్ షాపుల ముందు బండ్లు బారులు తీరతాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం రెండింటికి ఎండలో ఆపిన బండి తలుపు తీసినవాళ్లకు ఆ బారు ఎందుకో చెప్పనక్కర్లేదు. అద్దాలకు ఫిల్మ్ కావాలనుకోవడం న్యాయమైన కోరికే. అది మనమే వేసుకోవచ్చా, పని తెలిసినవాళ్లకు ఇవ్వాలా అన్నది మంచి ప్రశ్నే. అయితే దానికంటే ముందు తేలాల్సింది ఎంత ముదురు ఫిల్మ్ వేయాలన్నది. ఆ నిర్ణయాన్ని షాపుకు వదిలేయకూడదు. చలానా కట్టేది మనం, వానపడే రాత్రి ఆ అద్దాల్లోంచి చూస్తూ నడిపేదీ మనం.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు దాటాలి. ఆ మేరకు వెలుతురు మిగిలితే ఫిల్మ్ వేసినా తప్పు లేదని చాలాకాలం అందరూ అనుకున్నారు. అవిషేక్ గోయెంకా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న ఆ దారి మూసేసింది. ఆ శాతాలు తయారీలో అద్దానికి ఉండాల్సినవని, అద్దం మీద తర్వాత ఏ శాతం ఫిల్మ్ అయినా, మరే పదార్థమైనా అంటించడం కుదరదని చెప్పింది. నల్ల అద్దాల చాటున జరుగుతున్న నేరాలే ఆ తీర్పుకు ప్రధాన కారణం. హైదరాబాద్ కూడళ్లలో పోలీసులు కార్లు ఆపి ఫిల్మ్ పీకించడం అప్పటినుంచి మనం చూస్తున్నదే.

ఆ తర్వాత నిబంధనే మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న గ్లేజింగ్‌నూ ఒప్పుకుంది. దాని ఆధారంగా 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఒక తీర్పిచ్చింది. 70, 50 శాతాల హద్దులో ఉండి, ప్రమాణాలకు తగిన ఫిల్మ్ వేసుకున్నవాళ్లకు జరిమానా వేయకూడదంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు ఆ తీర్పునే అనుసరించి తీరాలని లేదు. ఇక్కడ రోడ్డు మీద మనల్ని ఆపిన ఎస్సై 2012 నాటి ఉత్తర్వునే చూపించవచ్చు. కాబట్టి లేత ఫిల్మ్ వేసుకున్నా కొంత రిస్కు ఉంటుందని తెలిసే వేసుకోవాలి. ముదురు నలుపుకైతే ఏ తీర్పూ అండగా లేదు.

ఇక్కడొక చిన్న లెక్క ఉంది. షాపులో 50 శాతం ఫిల్మ్ అని రాసుంటే పక్క అద్దాలకు సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది. కానీ అద్దం కూడా సొంతంగా కొంత వెలుతురు ఆపుతుంది. ఈ రోజుల్లో కంపెనీ నుంచే లేత ఆకుపచ్చ ఛాయతో వచ్చే అద్దాలు ఎక్కువ. అలాంటి అద్దం 75 శాతం వెలుతురు వదులుతోందనుకుందాం. దానిమీద 50 శాతం ఫిల్మ్ వేస్తే లోపలికి వచ్చేది 75లో సగం, అంటే 37.5 శాతం. హద్దు దాటేశాం. అదే అద్దానికి 70 శాతం ఫిల్మ్ వేస్తే 52.5 మిగులుతుంది, గట్టెక్కుతాం. అద్దమే 70 శాతానిదైతే ఆ ఫిల్మ్‌తో 49కి పడిపోతాం. ముందు అద్దం సంగతి ఇంకా బిగువు. అది అసలే 70కి కాస్త పైన ఉంటుంది కాబట్టి దాదాపు పారదర్శకమైన ఫిల్మ్ వేసినా కిందికి జారే అవకాశం ఉంది. దాన్ని వదిలేయమనే నా సలహా. వెలుతురు కొలిచే మీటరును అద్దానికి పెట్టి చూడకుండా ఫిల్మ్ కోయడం, షాపులోనైనా ఇంట్లోనైనా, గుడ్డిగా చేసే పనే.

చట్టాన్ని పక్కన పెట్టినా ముదురు ఫిల్మ్‌ను నేను ఒప్పుకోలేను. కుడివైపు మిర్రర్‌ను మనం చూసేది ముందు తలుపు అద్దంలోంచే. మన రోడ్ల మీద రాత్రి పూట వెనక లైటు లేని ట్రాక్టర్లుంటాయి, ముదురు రంగు బట్టల్లో రోడ్డు దాటే మనుషులుంటారు, రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్లుంటాయి. మధ్యాహ్నం పూట చల్లదనం కోసం వేసుకున్న ఫిల్మ్ రాత్రి పూట ఒక మనిషిని మన కంటికి కనపడకుండా చేస్తే, దానికి సర్దిచెప్పుకోవడానికి మాట దొరకదు.

ముదురైతేనే చల్లన అన్న నమ్మకం కూడా నిజం కాదు. నేలకు చేరే సూర్యశక్తిలో సగానికి కాస్త ఎక్కువ కంటికి కనిపించని పరారుణ కిరణాల్లో ఉంటుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కంటికి కనిపించే వెలుతురు, అతినీలలోహితం వాటా చాలా తక్కువ. మామూలు డై ఫిల్మ్ ప్రధానంగా వెలుతురును ఆపుతుంది, పరారుణాన్ని చాలావరకు వదిలేస్తుంది. మంచి సిరామిక్ ఫిల్మ్ వెలుతురును రానిచ్చి, పరారుణంలో ఎక్కువ భాగాన్ని ఆపుతుంది. అందుకే చూపుకు తేటగా ఉన్న సిరామిక్, నల్లటి చౌక ఫిల్మ్ కంటే ఎక్కువ వేడిని ఆపగలదు. మెటల్ పూత ఉన్న ఫిల్మ్‌లు కూడా వేడిని బాగానే ఆపుతాయి, కాకపోతే రేడియో తరంగాలకు అడ్డుపడతాయి. జీపీఎస్ తడబడవచ్చు. ఫాస్టాగ్ ఉన్న చోట అలాంటి ఫిల్మ్ అడ్డం వస్తే టోల్ గేటు దగ్గర రీడరుకు అందకపోవచ్చు.

చర్మం గురించి భయపడేవాళ్లకూ నలుపు అక్కర్లేదు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో తయారవుతుంది కాబట్టి అతినీలలోహితాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పక్క అద్దాలు సాధారణంగా ఒకే పలక టెంపర్డ్ గాజు. వాటిలోంచి అతినీలలోహితంలోని యూవీ-ఏ కిరణాలు గణనీయంగా వచ్చేస్తాయి. రోజంతా నడిపే డ్రైవర్లకు కుడి చెయ్యి ఎక్కువగా కమిలేది అందుకే. నాణ్యమైన ఫిల్మ్ రంగు లేకుండా ఉన్నా ఆ కిరణాల్లో 99 శాతం దాకా ఆపుతుంది.

షాపులో చూపించే బల్బు ప్రయోగం గురించి కూడా చెప్పుకోవాలి. ఎర్రగా వెలిగే హీట్ ల్యాంపు ముందు ఫిల్మ్ ముక్క పెట్టి, వెనకాల మన చెయ్యి పెట్టమంటారు. చల్లగా ఉంటుంది, నమ్మకం కుదురుతుంది. ఆ బల్బు నుంచి వచ్చేదంతా దాదాపు పరారుణమే, సూర్యుడు అలా కాదు. పైగా కొన్ని ఫిల్మ్‌లు వేడిని తిప్పికొట్టకుండా పీల్చుకుంటాయి. కాసేపటికి అద్దం వేడెక్కి, అందులో కొంత లోపలికే వస్తుంది. అడగాల్సిన అంకె టీఎస్ఈఆర్, అంటే మొత్తం సూర్యశక్తిలో ఎంత శాతం బయటే ఆగిపోతుందన్నది. పరారుణాన్ని 95 శాతం ఆపుతుందని అట్ట మీద ఎంత పెద్దక్షరాలతో రాసినా, 70 శాతం వెలుతురు వదిలే ఫిల్మ్ మొత్తం శక్తిలో ఆపేది దానికంటే చాలా తక్కువే. ఎండలో గంటల తరబడి ఆపిన బండి ఏ ఫిల్మ్ వేసినా వేడెక్కుతుంది. నడుస్తున్నప్పుడు ఏసీ మీద భారం తగ్గడం, ఒంటి మీద ఎండ చురుక్కుమనకపోవడం, ఫిల్మ్ నుంచి ఆశించాల్సింది ఇవే.

ఇక చేతి పని. పక్క తలుపుల అద్దాలు ఓపిక ఉన్నవాళ్లకు సాధ్యమే. వంపు తక్కువ, కొలత చిన్నది. పని మొత్తం శుభ్రత మీద నిలబడి ఉంటుంది. తలుపు మూసిన, గాలి కదలని చోటు కావాలి. ఫ్యాను ఆపాలి, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచాలి, నూలు రాలే బట్టలు వేసుకోకూడదు. సీసాలో పోసే నీళ్లు ఆర్వోవో డిస్టిల్డ్‌వో అయి ఉండాలి. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి ఉప్పు మరకలు ఫిల్మ్ కిందే చిక్కుకుపోతాయి. ఆ నీళ్లలో నాలుగు చుక్కల బేబీ షాంపూ వేస్తే ఫిల్మ్ అద్దం మీద జారుతుంది, సరిచేసుకోవడానికి వీలవుతుంది. అద్దం వేడిగా ఉంటే నీళ్లు ముందే ఆరిపోయి ఫిల్మ్ ఉన్నచోటే పట్టేస్తుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టాలి.

మొదట తలుపు అద్దం బయటివైపు తడిపి, ఫిల్మ్ పరిచి, ఆకారానికి కోసుకోవాలి. అద్దం మీదే గట్టిగా బ్లేడు నొక్కితే గీత శాశ్వతంగా ఉండిపోతుంది. కింది అంచు రబ్బరు బీడింగ్ లోపలికి దిగేంత ఎక్కువ వదలాలి, లేకపోతే అద్దం పైకి లేచినప్పుడు తెల్లటి గీత కనిపిస్తుంది. తర్వాత లోపలివైపు కడిగి, లైనర్ (జిగురు మీది పొర) తీస్తూనే జిగురు వైపు నీళ్లు చల్లి, అతికించి, స్క్వీజీతో మధ్యలోంచి అంచులకు నీళ్లు నెట్టాలి. పవర్ విండో స్విచ్‌ల మీద ముందే తువ్వాలు కప్పాలి, నీళ్లు లోపలికి దిగితే అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది. పని అయ్యాక మూడు నాలుగు రోజులు అద్దం దించకూడదు. ఆ రోజుల్లో కనిపించే మసక, మెత్తటి నీటి బుడగలు క్రమంగా ఇంకిపోతాయి. గట్టిగా, సూది మొనలా తగిలేది దుమ్ము రేణువు. అది పోదు.

వెనక అద్దాన్ని మాత్రం సొంతంగా వేసుకోమని ఎవరికీ చెప్పను. అది రెండు వైపులకూ వంగి ఉంటుంది. బల్లపరుపు ఫిల్మ్ ఆ వంపు మీద కూర్చోవాలంటే అద్దం బయటివైపు పరిచి, హీట్ గన్‌తో కొద్దికొద్దిగా ముడిపించి ఆకారానికి తేవాలి. వేడి తక్కువైతే మడత మిగులుతుంది, ఎక్కువైతే ఫిల్మ్ కరుగుతుంది, ఇంకా శ్రుతిమించితే అద్దమే పగలవచ్చు. ఆ అంచనా చదివితే రాదు, వందల అద్దాల మీద పనిచేసిన చేతికి వస్తుంది.

డబ్బు సంగతికొస్తే, అమెరికాలో చాలామంది కొలతకు కోసిన కిట్లు తెప్పించుకుని ఇంట్లోనే వేసుకుంటారు. అక్కడ పనివాళ్ల కూలి ఖరీదు, కాబట్టి మిగులు కనిపిస్తుంది. (అక్కడున్న మనవాళ్లు రాష్ట్రం మారితే చట్టం మారుతుందని గుర్తుంచుకోవాలి. టెక్సాస్‌లో ముందు తలుపులకు 25 శాతం చెల్లుతుంది, కాలిఫోర్నియాలో 70 ఉండాలి, న్యూజెర్సీలో వైద్య కారణాలు లేకుండా ముందు తలుపులకు ఫిల్మే కూడదు.) మన దగ్గర బిల్లులో పెద్ద భాగం ఫిల్మ్ ధరే, కూలి తక్కువ. ఖరీదైన సిరామిక్ కొని ఒక్క తలుపు ముక్క పాడుచేసుకుంటే మిగిలిందనుకున్న కూలి అందులోనే పోతుంది. చౌక ఫిల్మ్‌తో నేర్చుకుందామంటే ఆ ఫిల్మ్ రెండు మూడేళ్లలో ఊదారంగుకు తిరిగే రకం కావచ్చు. అందుకే ఈ పని మీద ఇష్టం ఉన్నవాళ్లు పక్క అద్దాలతో మొదలుపెట్టవచ్చు గానీ, డబ్బు మిగలడం కోసమే అయితే మన దగ్గర షాపే మేలు.

షాపుకు వెళ్తే పని జరిగే చోటు చూపించమనండి. రోడ్డు వారగా, లారీలు దుమ్ము లేపే చోట వేస్తున్నారంటే వెనక్కి తిరగండి. రోల్ పెట్టె మీది పేరూ సీరియల్ నంబరూ వారంటీ కార్డు మీద రాయించుకోండి. వెలుతురు శాతం బిల్లు మీద ఉండాలి. ఫిల్మ్ వేయకముందు, వేశాక మీటరు రీడింగు మీ ఎదుటే తీయమనండి. వెనక అద్దానికి ఒకే ముక్క వేస్తారా, అతుకులా అని కూడా అడగండి. పని వచ్చినవాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

పాత ఫిల్మ్ తీయడం మరో పని. పక్క అద్దాల మీద ఆవిరి పట్టి నెమ్మదిగా లాగితే వస్తుంది, మిగిలిన జిగురు సబ్బు నీళ్లతో నానబెట్టి గీకవచ్చు. వెనక అద్దం మీద సన్నటి డీఫాగర్ తీగలుంటాయి. బ్లేడు ఒక్కసారి అడ్డంగా తగిలితే ఆ వరస పనిచేయదు, వానాకాలంలో అద్దం చారలు చారలుగా మసకబారుతుంది. ఆ అద్దం ఫిల్మ్ తీయించేటప్పుడు బ్లేడు వాడబోమని ముందే ఒప్పించుకోండి, తీశాక డీఫాగర్ వేయించి చూసుకునే డబ్బివ్వండి.