తోటలో కొలను: సిద్ధగోరా నేర్పే పాఠం

సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమ ప్రాంతాన వెలసిన ఉక్కు నగరం జంషెడ్‌పూర్. 1919లో ఈ పేరు పొందిన ఈ నగరానికి దేశపు నలుమూలల నుండి శ్రామికులు తరలివచ్చారు. వారిలో తెలుగువారును ఉన్నారు. 1958లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన ఇచ్చటి జూబిలీ పార్కు మైసూరు బృందావన ఉద్యానాన్ని ఆదర్శంగా తీసుకొని రూపొందినది. తోటకు నీరే ప్రాణమన్న సంగతిని ఆ ఫౌంటెన్లు చాటుతాయి.

నగరంలోని సిద్ధగోరాలో నీటికి మరొక ప్రయోజనం ఉన్నది. కార్తీక శుద్ధ షష్ఠినాటి ఛఠ్ పండుగకు సూర్య మందిర ప్రాంగణంలోని కొలను వద్ద భక్తులు గుమిగూడుతారు. నీటిలో నిలిచి సాయంకాలం అస్తమించే సూర్యునికి, మరునాటి ఉదయం ఉదయించే సూర్యునికి అర్ఘ్యం సమర్పిస్తారు.

కొలను నిర్మించదలచినవారు ముందుగా నిర్ణయించుకొనవలసిన విషయం ఇందులోనే ఉన్నది: అది మనుషులు దిగే కొలనా, మొక్కలు పెరిగే కొలనా? దిగే కొలనుకు వెడల్పైన, జారని మెట్లు, క్రమంగా పెరిగే లోతు, తేటనీరు అవసరం. తామర, కలువలకు కదలని నీరు, అడుగున మన్ను కావలెను. రెండింటినీ ఒకటిగా చేస్తే మొక్కలు నలుగుతాయి, నీరు బురదగా మారుతుంది. స్థలం ఉన్నచోట రెండింటినీ వేరుగా నిర్మించుట మేలు.

మొక్కల కొలనుకు రోజుకు ఐదారు గంటల ఎండ తగిలే చోటు ఎంచుకొనవలెను. పెద్ద చెట్ల క్రింద త్రవ్వరాదు. రాలిన ఆకులు నీటిలో కుళ్ళి ప్రాణవాయువును హరిస్తాయి. వేళ్ళు అడుగును చీలుస్తాయి. అడుగున బంకమట్టిని తడిపి, త్రొక్కి, దట్టంగా పరిస్తే నీరు ఇంకదు. వానకాలపు అదనపు నీరు చెట్ల పాదులకు చేరేటట్లు ఒక తూము అమర్చవలెను.

కలువలను వెడల్పైన తొట్టెలలో నాటి, మన్నుపై ఒకటి రెండు అడుగుల నీరు నిలిచేలా దింపవచ్చును. ఆకులు నీటి ఉపరితలంలో సుమారు సగం కప్పితే ఎండ తగ్గి పాచి అదుపులో ఉంటుంది. అంతకుమించి కమ్ముకొంటే పలుచన చేయవలెను. గట్లపై వట్టివేరు నాటితే దాని లోతైన వేళ్ళు వాననీటికి మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. తడి అంచున చామ, మెట్టతామర చక్కగా పెరుగుతాయి. దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్కకు మాత్రం, పూవు ఎంత అందమైనదైనా, చోటు ఇవ్వరాదు. అది కొద్దికాలంలోనే కొలనునంతటినీ ఆక్రమిస్తుంది.

అన్నింటికంటె జాగ్రత్త వహించవలసినది దోమల విషయంలో. వేసవి వేడిలో దోమ గ్రుడ్డు రమారమి వారం, పది రోజులలో రెక్కల దోమగా మారుతుంది. అందువల్ల చిన్న తొట్టెలను వారానికొకసారి ఖాళీ చేసి, గోడలను రుద్ది కడగవలెను. పెద్ద కొలనులో చిన్న పంపు సాయంతో నీటిని పైకి తీసుకొనిపోయి, రాళ్ళ మీదుగా సెలయేరువలె తిరిగి పారించవచ్చును. పారే నీటికి ప్రాణవాయువు అందుతుంది. దోమలకు అనుకూలత తగ్గుతుంది. గప్పీ చేపలు దోమ పిల్లలను తింటాయి. అయితే అవి విదేశీ జాతి గనుక నదులలోనికి, చెరువులలోనికి పోనీయరాదు.

పండుగ ముగిసిన వెంటనే పూలు, పత్రి, అరటి ఆకులు, దీపాల నూనె తొలగించుట అత్యవసరం. పూలు, ఆకులు ఎరువు గుంటకు చేరితే మరుసటి ఋతువున అదే తోటకు బలమవుతాయి. నీటిలో మిగిలితే దుర్గంధమవుతాయి. నిర్మించుట కొన్ని దినాల పని. సంరక్షించుట ఏడాది పొడుగునా చేయవలసిన పని. భక్తులు ఏ భాష మాట్లాడేవారైనా, వారు దిగే నీరు ఒక్కటే. దానిని తేటగా ఉంచే బాధ్యత కూడ అందరిదీ.